చుక్క నీళ్లు తాగకుంట ఉరికినోడు

అన్నా,

నువ్వు పోయి పద్నాలుగేండ్లాయె. నీ కొడుకు మల్లేశం గిప్పుడు నీ లెక్కనే ఉరుకుతుండు. పది మైళ్ల పందెం ఉందని రోజూ ఎండల కొండగట్టు తొవ్వ పడుతుండు. నిన్న నేను నీళ్ల బుర్ర పట్టుకొని సైకిల్ మీద ఎంట పోయిన. పెదవులు ఎండినా వాడు బుర్ర ముట్టలే.

"మా బాపు చుక్క నీళ్లు తాగకుంట ఉరికేటోడని నువ్వే చెప్పినవ్ గద, చిన్నబాపు" అన్నడు.

నిజమే. నీ గురించి అడిగినప్పుడల్లా గదే గొప్పగ చెప్పిన. నువ్వు జరమొచ్చి పోయినవని చెప్పిన.

నిన్న తొవ్వల్నే అసలు సంగతి చెప్పిన. నీళ్లు తాగితే కాళ్లు బరువైతయి, అడిగినా ఇయ్యద్దని నువ్వే అన్నవ్. గీ తొవ్వల్నే ఉరుక్కుంట నువ్వు నీళ్లు అడిగినవ్, నేను ఇయ్యలే. పడిపోయి మళ్ల లేవలే.

వాడు ఉరుకుడాపి నిలబడ్డడు.

"బాపు ఏడ పడ్డడు?"

"ముందట. ఇంకో మైలుంటది."

"గా జాగ దాటినంక తాగుత" అని ఉరికిండు.

దాటిండు. రెండు గుక్కలు తాగిండు. కానీ పందెం నాడు నీళ్లు పట్టుకొని పక్కపొంటి ఎవ్వల్నీ రానియ్యరట, అన్నా.

నీ తమ్ముడు