నాన్న భుజం కొలత

అమ్మా,

నేను కులాసా, బెంగ పెట్టుకోకు. కొత్త నాటకానికి దుస్తులన్నీ నేనే కుడుతున్నాను. మా మేడ నిండా చిత్రకారులు, పాటగాళ్ళు, నటులే. తలుపు కొట్టకుండా వచ్చి, గుండీలు కుట్టించుకుని, కౌగిలించుకుని పోతారు. అందరి కొలతలూ నాకు కంఠతా వచ్చు. "తిన్నావా?" అని మాత్రం ఒక్కరూ అడగరు.

నిన్న తండ్రి వేషం వేసే ఆయన చొక్కా తొడుక్కుని, "ఏమ్మా, కుడి భుజం ఇలా జారిపోతోందేంటి? నేనేమన్నా వంకరగా ఉన్నానా?" అన్నాడు. చూద్దును కదా, గోడలకు రంగులేసే పనిలో నిచ్చెన మోసి మోసి కుంగిన మన నాన్న భుజానికి సరిపోయేలా కత్తిరించేశాను! ఆ నటుడి కొలతలు ఎదురుగానే ఉన్నాయి, నా చెయ్యే మాట వినలేదు. విప్పి సరిచేస్తానంటే దర్శకుడు ఒప్పుకోలేదు. "ఉండనీ. నువ్వే కాస్త ఆ పక్కకి ఒరిగి నడువు" అని ఆయనకే చెప్పాడు. ఆయన ఒరిగి, అటు తిరిగి నడిచాడు, వెనక నుంచి అచ్చం నాన్నలాగే. నోటిదాకా వచ్చిన పిలుపు మింగేసి, కింద పడని గుండుసూదులు ఏరుతూ కూర్చున్నాను.

సరేగానీ, వంటింటి కుళాయి బాగైందా? నీ కళ్ళజోడు మార్చావా? నాన్న చిక్కిపోయారని రాశావు. ఆయనకి ఒక చొక్కా కుడతాను. టేపు కోసం వెతక్కు, దారంతో ఛాతీ కొలువు. ఊపిరి బిగబట్టి పోజు కొడతారు, నవ్వించి కొలువు. నాన్నకి నమస్కారాలు, చెల్లికి దీవెనలు.

అన్నట్టు, కొలత అంకెల్లో రాయకు. ఆ దారమే కవర్లో పెట్టి పంపు.

నీ పెద్దమ్మాయి