తోలుతిత్తి నీళ్లు

మార్వాడ ఎడారి నుంచి

బరంపురం గోసాని నువాగాంలో ఉన్న మా అక్కకు చెల్లెలు కామాక్షి నమస్కరించి రాసేది. నువ్వూ, బావగారూ, పిల్లలూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం ముగ్గురమూ ప్రాణాలతో ఉన్నాం. ఇది ఉత్తరాల్లో అలవాటుగా రాసే మాట కాదు. మొన్న ఆదివారం ఈ మాట రాసే యోగం మళ్లీ ఉంటుందో లేదో నాకే తెలియలేదు. కంగారు పడకు. అందరం బాగున్నాం కాబట్టే రాస్తున్నాను.

ఈ దేశం సంగతి ఏం చెప్పమంటావు? ఇసుక, మళ్లీ ఇసుక. మీ మరిది పొద్దున్నే రైలు స్టేషను పనికి వెళ్లిపోతారు. తెలుగు మాట వినాలంటే నాలో నేను మాట్లాడుకోవాలి, లేదా అత్తయ్య నన్ను తిట్టాలి. సజ్జరొట్టె తినీ తినీ దవడలు అరిగిపోయాయి. బరంపురం అప్పడాలూ కాస్త చింతపండూ ఎవరైనా ఇటు వస్తుంటే పంపు, నీకు పుణ్యముంటుంది.

ఇలా ఇంట్లో మగ్గిపోతున్నామని మీ మరిదికి జాలి వేసింది. జైసల్మేరు దారిలో వింతలున్నాయట, చూసొద్దామని మోటారు మాట్లాడారు. డ్రైవరు కరీం సాయిబు. నెరిసిన గడ్డం, అడిగితే తప్ప మాట్లాడడు. అత్తయ్య మడి సంగతి నీకు తెలుసు కదా. మామగారు పోయినప్పటి నుంచి తన చేత్తో తోడిన నీళ్లు తప్ప తాగదు. తెల్లారకుండానే స్నానం చేసి, ఇత్తడి బిందె నింపి, మూతికి తడిగుడ్డ కట్టి, ఒడిలో బిడ్డలా పెట్టుకుని కూర్చుంది. మా ముగ్గురికీ అవే నీళ్లు. సాయిబు మాత్రం మోటారు ముందు తోలుతిత్తి వేలాడదీశాడు.

వింతలు నిజంగానే వింతలే. ఒక టీ దుకాణం ముందు కిరసనాయిలు డబ్బాలతో చేసిన ఒంటె, మేడంత ఎత్తు. ఇంకోచోట ఎవడో సోడాసీసాలు పేర్చి ఇల్లే కట్టాడు. ఎండకు ఆ తళతళ చూడలేం. అన్నిటికన్నా చివరిది పెద్ద ఓడ లంగరు. సముద్రం పేరు లేనిచోట, ఇసుకదిబ్బ మీద! దాన్ని చూసి అత్తయ్య పకపకా నవ్వింది.

“మన ఆర్యపల్లి పడవోళ్లకి సూపిస్తే నవ్వలేక సస్తారే. ఇక్కడ ఏటి పడతారు సేపలు?”

ఆ నవ్వు అక్కడితో సరి. మేము దిబ్బ దిగి వచ్చేసరికి బిందె సీటులో లేదు. ఎండ పడుతోందని సాయిబు దాన్ని తీసి మోటారు నీడలో పెట్టాడు. మంచికే చేశాడు, పాపం.

“ముట్టుకున్నాడా?” అంది అత్తయ్య. మేము అయ్యో అనేలోపే బిందె ఒంపేసింది. “పోన్లే, దారిలో ఏ నుయ్యో దొరక్కపోదు. తోడుకుంటాను.”

మన ఊళ్లో పెరటి పెరటికీ నుయ్యి. ఆ అలవాటే ఆవిడ చేత ఆ పని చేయించింది. ఇసుక ఆ నీళ్లను గుటుక్కున మింగేసింది. సాయిబు ఆ తడి వంకే చూస్తూ ఉండిపోయాడు.

మరికొంత దూరం పోయామో లేదో, మోటారు ముందు ఇరుసు విరిగి పక్కకు ఒరిగింది. నుయ్యి లేదు, చెట్టు లేదు, వచ్చే బండి లేదు. సాయిబు తిత్తి విప్పి ముందు అత్తయ్య వైపు చూశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. మీ మరిది తాగారు. నేనూ తాగాను. తోలు కంపు కొట్టింది, అయినా అమృతంలా ఉంది.

“అమ్మా, ఒక్క గుక్క తాగే,” అని మీ మరిది కాళ్లు పట్టుకున్నారు.

“ఒగ్గీరా. ఇన్నేళ్లు కాపాడుకున్నాను. ఇప్పుడు తోలునీళ్లు తాగి ఏ మొకంతో ఎల్లను మా అన్న గుమ్మంలోకి?”

ఎండ ముదిరింది. ఆవిడకు చెమట ఆగిపోయింది, మాట ముద్దగా వస్తోంది. బతిమాలాను, ఏడ్చాను. చివరికి ఒళ్లు మండిపోయి, “అయితే చావండి, మీ మడి కట్టుకుని చావండి!” అని అరిచాను. అవునక్కా, అత్తగారిని అన్నాను. మీ మరిది మొహం కప్పుకుని ఏడుస్తున్నారు.

అప్పుడు చూశాను సాయిబు వంక. తిత్తి పక్కనే ఉంది, ఆయన పెదాలు చిట్లి నెత్తురు కారుతోంది. ఎందుకు తాగలేదని మీ మరిది హిందీలో అడిగారు. వెంట తెచ్చిన వాళ్లలో పెద్దవాళ్లు తాగాకే బండివాడు తాగాలట, అది వాళ్ల పద్ధతట. ఆ మాట అత్తయ్య చెవిలో చెప్పాను. ఆవిడ కళ్లు విప్పింది.

“ఏటి, ఈడు తాగనేదా?”

హిందీ రాదు కదా, ఒడియా అయితే అర్థమవుతుందని ఆవిడ నమ్మకం. “బాబూ, తుమే ఆగొ పిఅ,” అంది. ముందు నువ్వు తాగు నాయనా అని. ఆయనకు అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు. ఆవిడా కదలదు, ఆయనా కదలడు. ఇద్దరిలో ఎవరు ముందు పోతారో చూడాలి కాబోలు అనుకున్నాను.

“నా మడికి నాను సస్తే నా ఇష్టం,” అంది చివరికి. “పరాయి తల్లి కన్న కొడుకుని సంపుకుంటానేటి? లేపండే నన్ను.”

లేపి కూర్చోబెట్టాం. దోసిలి పట్టింది. సాయిబు పోశాడు. పొలమారింది, మళ్లీ పట్టింది. ఆయన తాగేదాకా చూసి, అప్పుడు నా మీదకు ఒరిగింది. పొద్దు వాలుతుండగా ఒంటెల వాళ్లు వచ్చి మమ్మల్ని ఊరు చేర్చారు. ఇప్పుడు ఆవిడకు కులాసాగానే ఉంది. నిజంగా కులాసాగానే ఉంది, బెంగపడకు.

నిన్న నీకు డబ్బాల ఒంటె గురించీ, సీసాల ఇంటి గురించీ మాత్రమే రాశాను. అత్తయ్య చదివి వినిపించమంది.

“నీళ్ల సంగతేదీ?”

“గేట్ బజార్‌లో మీ అన్నగారికి తెలిస్తే మిమ్మల్ని వంటింట్లోకి రానివ్వరు, అత్తయ్యా. పంక్తిలో కూర్చోనివ్వరు. అందుకే రాయలేదు.”

“రానీకపోతే అరుగు మీద కూకుంటాను. ఆ సాయిబు పోసిన నీళ్లతో బతికున్నాను. బతికినందుకు సిగ్గుపడమంటావేటే? సింపెయ్ దాన్ని. అంతా రాయి.”

అందుకే చింపేసి ఇది రాశాను. ఈ ఉత్తరం నువ్వే స్వయంగా ఆవిడ అన్న మావయ్యగారి బట్టల కొట్టుకు తీసుకెళ్లి చదవాలట. గొణక్కుండా, కొట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా చదవమంది. నాకు మాత్రం భయంగానే ఉంది. ఆవిడకు ఉన్న ఒక్క పుట్టిల్లు అదే.

బావగారికీ, పెద్దలందరికీ నా దండాలు. పిల్లలకు ముద్దులు. మా ముగ్గురినీ చల్లగా ఉండమని దీవించు.

నీ చెల్లెలు
కామాక్షి

రథయాత్ర నాటికి అత్తయ్యను తీసుకుని బరంపురం వస్తాం. మావయ్యగారు లోపలికి రమ్మంటారో, అరుగు మీదే విస్తరి వేస్తారో అడిగి రాయి. ఏదైనా సరే, దాచకుండా రాయమంది.