చేతిలో చెప్పులు

బాపూ,

ఈ రోజు నీ వర్ధంతి. మేముండే ఈ పరదేశపు ఊరు కార్లోలో పొద్దుటి నుంచి ముసురు పట్టింది.

నీ మనవరాలు శ్రావ్య బడిలో మాట్లాడటానికి రాసుకున్నది నాకు చదివి వినిపించింది. అమెరికాలో బానిసత్వం మీద జరిగిన యుద్ధం గురించి. స్వేచ్ఛ వచ్చాక కూడా చాలామంది పాత యజమానుల పొలాల్లోనే భయపడుతూ బతికారట.

నేను వింటూ, నీ ఫోటోకున్న పాత దండ తీసి అద్దం తుడుస్తున్నాను.

"తాత చెప్పులు చేతిలో పట్టుకున్నాడేంటమ్మా?"

"వాన పడింది బిడ్డా," అన్నాను.

"ఏం వాన? కింద నీడ చూడు, ఫుల్ ఎండ!" అని నవ్వింది.

ఇక దాచలేకపోయాను. మన ఊరి దొర గడీలో నువ్వు వెట్టి చేశావని, ఆ గడీ ముందు మనవాళ్లు చెప్పులేసుకుని నడవకూడదని చెప్పాను. వెట్టి పోయింది. దొర పట్నం వెళ్లిపోయాడు. గడీ కప్పు కూలింది. అయినా నువ్వు బతికినన్నాళ్లూ అక్కడికి రాగానే చెప్పులు విప్పి చేతిలోకి తీసుకునేవాడివి. ఈ ఫోటో కూడా ఆ గడీ ముందు తీసిందే.

శ్రావ్య నవ్వలేదు. "ఈ ఫోటో క్లాసులో చూపించనా?" అంది.

బాపూ, ఇన్నేళ్లూ ఆ చెప్పులు కనబడకుండా దండ కిందికి వేలాడదీసింది నేనే. నిన్ను దేవుడి పక్కనే పెట్టి, ఆయన ముందు కూడా సిగ్గుపడ్డాను.

ఈ రోజు దండ పొట్టిగా కట్టాను.