తలుపు వేసి ఆరేసిన గుడ్డలు

ఆగస్టు 4, సోమవారం

స్టెల్లక్క ఇవాళ్టి నుంచి వస్తోంది. నర్సు ఉద్యోగం మానేసి, పురుడైన ఇళ్లకు పగటిపూట వచ్చి తల్లికి తోడుంటుంది. డౌలా అంటారట. అమ్మకు ఆ మాట చెప్తే అర్థమయ్యేది కాదు... నర్సమ్మ అన్నాను.

మా అత్తగారు, సంధ్య వాళ్లమ్మ, నర్సంపేటలో కాలు విరిగి మంచంలో ఉంది. అందుకే పురుడు మా ఇంట్లో. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు.

వచ్చీ రాగానే పాపను చూడలేదు ఆమె. సంధ్య పక్కన కూర్చుంది. "నువ్వు తిన్నవా చెల్లె?" ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. నేనూ అడగలేదు. సంధ్య వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఫోన్ చూస్తూ నిలబడ్డాను.

ఆగస్టు 5

పాపను భుజం మీద వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు తట్టడం నేర్పింది నాకు. చొక్కా నిండా పాలు కక్కింది పాప. సంధ్య నవ్వింది. ఎన్నాళ్లకో!

"పాప ఉచ్చగుడ్డలు నా పని కాదు తమ్మీ. నేను చెల్లె కోసం వచ్చిన. అవి నువ్వు ఉతుకు."

సంధ్య ముందు గొప్పగా సరే అన్నాను. పురుడు తీరేదాకా ఆ గుడ్డలు వాషింగ్ మెషీన్‌లో వేయకూడదట, మైల. అంటే చేతులతోనే.

సాయంత్రం, అమ్మ సీరియల్‌లో మునిగిన వేళ, బాత్రూం తలుపు వేసుకుని ఉతికాను. స్టెల్లక్కే ఉతికి పోతోందని అమ్మ అనుకుంటోంది. అనుకోనీ.

ఆగస్టు 6

బకెట్ తీసుకుని డాబా ఎక్కాను. ఎదురుగా నేను పాఠాలు చెప్పే కాలేజీ హాస్టల్. సెకండియర్ ఎంపీసీ మొత్తం కిటికీల్లోనే ఉంది. "గుడీవినింగ్ సార్!" అని ఒకడి కేక. ఫిజిక్స్ సార్ అంటే వాళ్లకు హడల్. బకెట్‌ను కాళ్ల వెనక్కి నెట్టి, నీళ్ల ట్యాంకు మూత ఎత్తి చూసి, ఏదో తనిఖీకి వచ్చినవాడిలా దిగిపోయాను.

పాత సామాన్ల గదిలో తాడు కట్టాను. తలుపు వేసి, ఫ్యాన్ పెట్టాను.

నా బిడ్డ గుడ్డలే కదా. ఎందుకింత సిగ్గు? ... సిగ్గే.

ఆగస్టు 9, శనివారం

మంచి రోజు. స్టెల్లక్క పాపను ఎత్తుకుంది, సంధ్య మధ్యాహ్నమంతా పడుకుంది. లేచి, "మళ్ల మనిషినైనట్టున్నది" అంది.

అన్నంలోకి వెల్లుల్లి కారం తప్ప ఇంకేం పెట్టనంటుంది అమ్మ. స్టెల్లక్క మెల్లమెల్లగా ఒప్పించింది, పప్పు, ఆకుకూర, కాస్త పెరుగు. "పచ్చి బాలింత పెరుగు తినుడేంది?" అని అమ్మ సణుగుడు. "జరంతే పెద్దమ్మా" అని ఈమె. సంధ్య పళ్లెం ఊడ్చినట్టు తినేసింది.

పోతూ పోతూ స్టెల్లక్క ఒక గుడ్డ తీసి వాసన చూసింది. "యాడ ఆరేస్తానవ్ తమ్మీ?"

"డాబా మీద. ఎండలనే."

ఎంత సులువుగా వచ్చింది నోట్లోంచి!

ఆగస్టు 11

పాప తొడల సందులో ఎర్రగా పొక్కింది. ముట్టుకుంటే కేర్‌మంటోంది. స్టెల్లక్క నూనె మార్చింది, సబ్బు మార్చింది. "సమజైతలేదు. దవాఖానలో చూపియ్యండి" అంది.

ఆగస్టు 12

పిల్లల డాక్టరు చూసి అడిగిన మొదటి మాట — "గుడ్డలు సరిగా ఆరుతున్నాయా? చెమ్మగా ఉన్నవి వేస్తే ఇలాగే అవుతుంది."

నా నోరు తెరుచుకునే లోపే అమ్మ. "అయ్యో, కమ్మటి ఎండల ఆరేస్తాన్లు సారూ!"

డాక్టరు నా వైపు చూశాడు. నేను తలూపాను.

తలూపాను.

ఆటోలో అమ్మ తీర్పు — "డాక్టర్లకేం తెలుసురా. ఆ నర్సమ్మ పెరుగులు, ఆకుకూరలు తినిపిచ్చె. అదంత పాలల్లకెల్లి పిల్లకు దిగింది." పాపను ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి రాగానే ఆ గది తలుపు తీశాను. చెమ్మ వాసన గుప్పున కొట్టింది. ఇన్నాళ్లూ నా ముక్కు ఎక్కడ పెట్టుకున్నాను?

ఆగస్టు 13

ఇప్పుడు ప్రతి గుడ్డా ఇస్త్రీ చేస్తున్నాను. చడీచప్పుడు లేకుండా సర్దేస్తే ఎవరికీ తెలియక్కర్లేదు కదా... అనుకున్నాను.

సంధ్యకు మళ్లీ కారం అన్నమే. నోరెత్తకుండా తింది.

"ఆ నర్సమ్మను ఇగ రావద్దని చెప్పు." అమ్మ చెప్పింది, నేను టైపు చేశాను. అక్కా, రేపటి నుంచి అవసరం లేదు, థ్యాంక్స్. థ్యాంక్స్ తీసేశాను. మళ్లీ పెట్టాను. పంపాను.

జవాబు — "మంచిది తమ్మీ. చెల్లెను ఒక్కదాన్నే ఉంచకు."

ఆగస్టు 14

"అక్క ఎందుకు రాలే?" అంది సంధ్య. అమ్మ వద్దందన్నాను. పంపింది ఎవరో చెప్పలేదు. గుడ్డలు చాకలామెకు ఇస్తున్నానని అమ్మతో అన్నాను.

ఆగస్టు 15

కాలేజీలో జెండా. నన్ను నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. బాధ్యత గురించి మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు.

ఆగస్టు 17, ఆదివారం

ఎర్రదనం తగ్గుతోంది. ఇస్త్రీ పెట్టెకూ డాక్టరు రాసిన క్రీముకూ రావలసిన మెప్పు అమ్మకు పోయింది. "సూసినవా? పత్యం చేస్తే ఎట్ల తగ్గిందో!" పక్కింటామెకు కూడా చెప్పింది. సంధ్య మంచం మీద నుంచి అవునన్నట్టు తలూపింది. నిజంగానే నమ్మింది. ఇంత సంతోషకరమైన విషయం ఇంత భయంకరంగా ఉంటుందని తెలీదు.

ఆగస్టు 18

కాలేజీ నుంచి వచ్చేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. సంధ్య పక్కనే కూర్చుని ఉంది. ఎత్తుకోవడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

"డబ్బా పాలు తేపో."

ఎందుకన్నాను.

"నా పాలతోనే గదా గట్లయింది. తిండికి ఆశపడ్డ. నా బిడ్డకు నేనే..."

ఛీ. ఇంత నీచుడినా నేను? నాలుగు గుడ్డలు పిల్లలు చూస్తారని సిగ్గుపడ్డవాణ్ణి, దీనికి మాత్రం సిగ్గుపడకుండా తిండి తిని, పాఠాలు చెప్పి, మీసం దువ్వుకుని తిరుగుతున్నాను. డబ్బా పాలు తెచ్చాను. తెచ్చి, కలిపి, ఇచ్చాను. నిజం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఆగస్టు 19

చెప్పేశాను. పొద్దున, అమ్మ ముందు, సంధ్య ముందు. గుడ్డలు ఉతికింది నేను. గదిలో, తలుపు వేసి ఆరేసింది నేను. తిండి వల్ల కాదు, స్టెల్లక్క వల్ల కాదు, చెమ్మ వల్ల.

అమ్మ ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. "నువ్వు? గుడ్డలు ఉతికినవా? నీ బనీను ఎప్పుడన్న పిండినవారా?"

గదికి తీసుకుపోయి తాడు చూపించాను. "తాడు కట్టంగనే ఉతికినట్టా?" అంది. పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాననుకుంది. వాదించేకొద్దీ ఇంకా మురిసిపోయింది. మధ్యాహ్నం కేసముద్రం చిన్నమ్మకు ఫోన్ — "నా కొడుకు బంగారమేనే, పెళ్లాం తప్పు మీదేసుకున్నడు!" గట్టిగా, ఇల్లంతా వినబడేలా.

సంధ్య గోడ వైపు తిరిగి పడుకుంది. పాపకు డబ్బా పాలే.

ఆగస్టు 20

స్టాఫ్ రూమ్ నుంచి స్టెల్లక్కకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"వాసన వచ్చింది తమ్మీ నాకు. ఎండల అన్నవని నమ్మిన."

తిట్టినా బాగుండేది. మళ్లీ రమ్మని బతిమాలాను. ఇంకో ఇంట్లో ఒప్పుకుందట, నెలాఖరు దాకా కుదరదు. "ఇంటికి పోయినంక చెల్లెకు ఫోనియ్యి. నేను మాట్లాడుత."

ఇచ్చాను. తలుపు దగ్గర నిలబడ్డాను. సంధ్య ఊఁ, ఊఁ అంటోంది. నడుమ ఒకసారి, "మరి నా పాలు మంచియేనా అక్కా?" అంది. ఆ గొంతు నేను మళ్లీ వినలేను.

ఫోన్ పెట్టేసి పాపను ఒళ్లోకి తీసుకుంది. జాకెట్టు హుక్కు మీద చెయ్యి పెట్టి ఆగింది. నా వైపు చూసింది.

"నువ్వు చెప్పింది నిజమేనా? నా మీద జాలితోని అంటలేవు గదా?"

"నిజం. పాప మీద ఒట్టు."

"మరి చెమ్మతోని అయిందని నీకెప్పుడు తెల్సింది?"

డాక్టరు గది. నా తల ఊగడం. వారం నుంచి ఆమె పళ్లెంలో కారం అన్నం.

"మొన్న... నువ్వు డబ్బా పాలు తెమ్మన్న రోజు. అప్పుడు తట్టింది" అన్నాను.

నమ్మింది. ముఖంలో ఏదో సడలింది. పాపను రొమ్ముకు ఆనించుకుంది.

పాప తాగుతోంది. నేను పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఏం రాస్తున్నవని అడిగింది... క్లాసు నోట్స్ అన్నాను.