బౌల్ అడుగున నా పేరు

అమ్మకు,

బెంగుళూరు నుంచి షణ్ముగప్రియ నమస్కరించి రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, నాయన, అవ్వ కూడా బాగున్నారని నీ ఉత్తరం చూడగానే తెలిసింది. ఒంట్లో బాగా లేనివాళ్లు పెన్ను అంత నొక్కి రాయలేరు. కాగితం తిప్పి వెనకవైపు నుంచి కూడా నీ తిట్లు వేలితో తడుముకోవచ్చు.

నేను ఎవడితోనో వచ్చేశానని తేల్చుకున్నారట. వాడు కన్నడోడని కూడా బాలమురళి మామ నిర్ణయించాడట. అవ్వ మొక్కుకుందట. అవన్నీ సరే, నువ్వు రాసిన మాట ఒకటుంది చూడు: "ఉండేది చెప్పు పాపా, వాడు మన కులమోడన్నా అవునా?" అది చదివాక నాకు అన్నం సహించలేదు. ఆడపిల్ల ఒక సంబంధం వద్దంటే దాని వెనక ఇంకొక మగవాడు ఉండి తీరాలా? ఆరేళ్లుగా నేను చేస్తున్న పని ఒకటుందని, అదే కారణం కావచ్చని మీలో ఒక్కరికీ తోచలేదా? నన్ను కన్న నీకైనా?

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. భోజనానికి లోటు లేదు; నా గదిలో ఉండే మాలినిది మదురై, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల. తను చారు పెడుతుంది, నేను గిన్నెలు తోముతాను. ఉంగరం నా దగ్గర లేదు. మామ ఇంట్లో తులసత్త పూజగదిలో, కుంకుమ భరిణె పక్కన పెట్టి వచ్చాను. నేను ఎత్తుకుపోయానని చెప్పుకోవడం మానమను. తెలుగులోనే రాస్తున్నాను, తాత నీకు నేర్పిన అక్షరాలు నువ్వు నాకు నేర్పావు కాబట్టి. తమిళంలో రాస్తే మామ చదివేస్తాడు.

నాయనకు ఒకటి చెప్పు. నేను స్కేటింగ్ టీచర్ని కాను. పోటీల్లో ఆడి బతుకుతున్నాను. నేను ఆడే విభాగాన్ని పార్క్ అంటారు. సిమెంటుతో కట్టిన పెద్ద గిన్నెలాంటి బౌల్‌లోకి నాలుగు చక్రాల బోర్డు మీద దిగి, ఈ గోడ ఎక్కి, గాల్లో తిరిగి, ఆ గోడ మీదికి పోయి, ముప్పావు నిమిషంలో మనకు వచ్చినదంతా చూపించాలి. జాతీయ పోటీలో నాకు రెండో స్థానం వచ్చినప్పుడు పక్కింటి పాంచాలక్కతో నువ్వు "కాలేజీలో ఏమో ఆటలు పెట్టినారు" అన్నావు. అప్పటికి నా కాలేజీ చదువు అయిపోయి ఏడాది. వాళ్ల బూట్లతో ఆడినందుకు బూట్ల కంపెనీ నాకు నెలనెలా జీతం ఇస్తుందంటే నాయన "అంగడిలో కూచోవాలనా?" అన్నాడు. అవన్నీ మింగేశాను.

అందుకే బాలమురళి మామ బౌల్ కట్టిస్తానన్నప్పుడు నేను చిన్నపిల్లలా ఏడ్చాను. అప్పటిదాకా కోయంబత్తూరులో నా సాధనంతా ఒక అపార్ట్‌మెంటు కింద, కార్లు దిగే వాలు మీద, వాచ్‌మన్ తరిమేదాకా. మామ మూతపడిన తన మిల్లు వెనక, దూది బేళ్ల గోడౌను పక్కన ఖాళీ జాగా చూపించి, "ఏమే, ఆ సిమెంటు గుంతదానే నీకు కావాల? గీసియ్యి. మామ కట్టిస్తాడు," అన్నాడు. గీసిచ్చాను. మేస్త్రీల పక్కన ఎండలో నిలబడ్డాను. గోడ వంపు సరిగ్గా వచ్చిందా అని ప్లైవుడ్ అచ్చు ఆనించి చూశాను. సిమెంటు ఆరుతుంటే అరచేత్తో నిమిరి ఎక్కడ గరుకుందో వెతికాను. ఇంత చేస్తున్న మామ బదులేమీ అడగడా అని నిన్ను అడిగితే, "నా కూడబుట్టినోడు నా బిడ్డకు చేస్తాండాడు. ఏంటికి నీకు ఇన్ని ప్రశ్నలు?" అన్నావు.

ప్రారంభం రోజు నువ్వు మన ఆండిపట్టి నుంచి మల్లెపూల బుట్టతో బస్సు దిగావు. ఫోటోలు తీస్తారని నా చేత పట్టుచీర కట్టించావు. రిబ్బను కత్తిరించగానే చీర తీసేసి దిగుదామని నేను లోపల ప్యాంటు వేసుకుని, దానిమీద మోకాలి ప్యాడ్లు బిగించుకున్నాను. షామియానా, నాదస్వరం చూసి మామ ఆర్భాటం అనుకున్నాను. నవ్వుకుంటూ బౌల్ అంచు దాకా వెళ్లాను.

అడుగున, నేను చేత్తో నిమిరిన సిమెంటు మీద, లారీలకు వేసే ఎనామిల్ పెయింటుతో, ఎర్రటి తమిళ అక్షరాల్లో మామ కొడుకు పేరూ నా పేరూ రాసి ఉన్నాయి: మదన్ – షణ్ముగప్రియ. చుట్టూ పెద్ద ముగ్గు, అదీ పెయింటుతోనే. నా పేరు పొడుగు కదా, అడుగున పట్టలేదు. "ప్రియ" గోడ మీదికి ఎగబాకింది. పెయింటర్ మునిసామి ఖాళీ డబ్బాలు సర్దుకుంటూ పైకి చూసి, "పేరు సరిగ్గా ఉందా పాపా?" అని అడిగాడు.

నా నిశ్చితార్థం సంగతి నాకు అట్లా తెలిసింది. వెనక్కి తిరిగి నీవైపు చూశాను. నువ్వు తాంబూలం పళ్లెంలో అరటిపళ్లు సర్దుతున్నావు. తల ఎత్తలేదు.

తరవాత జరిగినదంతా నువ్వూ చూశావు. పిల్లలు పట్టుబట్టలతో గోడల మీంచి జారుతున్నారు. కేసరి ముద్దలు కిందపడి తొక్కుడుకు అంటుకుపోతున్నాయి. ఎవరో పెద్దమనిషి బౌల్ అంచు మీద ఆకువక్క ఉమ్మాడు. తులసత్త నా బోర్డు తీసుకుని, కాలు జారకుండా గరుకు కాగితం అంటించిన వైపే గంధం పూసి బొట్టు పెట్టింది. అంగమ్మాళ్ పెద్దమ్మ అందరి ముందు వంగి నా చీర కుచ్చిళ్లు ఎత్తి, ప్యాంటు పైకి లాగి, పిక్క మీద మచ్చలు చూసింది. "చీరలో కానరావులే. పరవాలేదు," అని మామకు చెప్పింది. మామ తల ఊపాడు. నువ్వు కూడా ఊపావమ్మా. నేను చూశాను.

మదన్‌ను పక్కకు పిలిచాను.

"నీకు తెలుసునా?"

"నాకూ పొద్దున్నేదా చెప్పినారు."

"వద్దని చెప్పలేదే?"

"ఏంటికి చెప్పేది? నీకు గుంత దొరికె, నాకు మా నాయన రాసిచ్చే మిల్లు జాగా దొరికె. నువ్వు ఆడుకో మే, ఎవురు వద్దంటారు? ఒక బిడ్డ పుట్టేదాకా ఆడుకో."

అని, నా చేతిలోని టిఫిను ఆకులో ఉన్న వడ తీసుకుని తిన్నాడు.

"మదన్ ఏం తప్పు చేసినాడు?" అని ఉత్తరంలో అడిగావు. ఏమీ చేయలేదు. వడ తిన్నాడు.

నువ్వు అడగనిది, నేను మాలినికి కూడా చెప్పనిది ఒకటుంది. ఉంగరం తొడిగాక అందరూ భోజనాలకు మిల్లు పక్క మండపంలోకి పోయారు. నేను చీర తీసేసి, దాని కొంగుతోనే అంచు మీది ఉమ్మి తుడిచి, దిగాను. అమ్మా, అంత మంచి బౌల్‌లో నేను ఇంతవరకూ ఆడలేదు. ఒక గోడ విసిరితే ఇంకో గోడ ఒడిలోకి తీసుకున్నట్టు ఉంది. పైకి లేచినప్పుడల్లా మిల్లు గోడల అవతల కొబ్బరిచెట్ల తలలు కనిపించాయి. సరే అనేస్తే ఏం పోతుంది అనుకున్నాను. మదన్ తాగడు, కొట్టడు. రోజూ పొద్దున్నే లేచి ఇందులో దిగవచ్చు. మండపంలోకి వచ్చి నీ చెవిలో "సరేమ్మా" అనాలని మాట కూడా కూడబలుక్కున్నాను.

ఎనామిల్ మీద చక్రం పట్టదు. మొదటిసారి సరిగ్గా మదన్ పేరు మీదే జారి మోచెయ్యి చీరుకుపోయింది. లేచి మళ్లీ దిగాను. కొంతసేపటికి చూసుకుంటే, నేను పేర్లకు తగలకుండా తిరుగుతున్నాను. మదన్ దగ్గరికి రాకముందే మలుపు తీసుకుంటున్నాను. నా పేరు ఎక్కిన గోడ మీద ఎత్తుకు పోవడమే మానేశాను. ఎవరూ చెప్పలేదు. మీరు పాయసం తాగి లేచేలోగా నా కాళ్లు వాటంతట అవే నేర్చేసుకున్నాయి. బోర్డు దిగి అక్కడే కూర్చుండిపోయాను. మీ అందరి మీద పుట్టిన అసహ్యాన్ని భరించగలిగాను. నా కాళ్ల మీద పుట్టినదాన్ని భరించలేకపోయాను. లేచి ఉంగరం పెట్టవలసిన చోట పెట్టి, గాంధీపురం బస్టాండుకు వెళ్లి బెంగుళూరు బస్సు ఎక్కాను.

ఇక్కడి బౌల్ గొప్పదేమీ కాదు. ఒక మూల పగిలింది, వాన పడితే నీళ్లు నిలుస్తాయి. కుర్రవాళ్ల మధ్య వరుసలో నిలబడి నా వంతు కోసం చూడాలి.

ఆ పేర్లు మామ గీకించేస్తాడని, రమ్మని రాశావు. గీకించుకోనీ. నేను మదన్‌ను చేసుకోను. ఆ బౌల్‌లో మళ్లీ దిగను. జాతీయ పోటీకి ఈసారి కర్ణాటక తరఫున పేరు ఇచ్చేశాను. ఉండేది ఇక్కడే.

ఇట్లు,
నీ కూతురు
షణ్ముగప్రియ