అవ్వ వేరు గ్లాసు

రామన్నపేట, ఆదివారం.

నిరోషా, ఇక్కడ అందరం బాగున్నాము. మీ అవ్వ పక్కనుంటే ఫోనులో చెప్పలేక ఈ కార్డు రాస్తున్నాను.

మన టీబీ దవాఖానకు మందులిచ్చే సంస్థ దేశంలో అడుగుపెట్టి యాభై ఏళ్లయిందని నిన్న ఇక్కడ పండుగ చేశారు. జబ్బు నయమైనవాళ్లను పిలిచారు. అవ్వకు ఆరు నెలలు మాత్రలు వేస్తూ నేను రోజూ టిక్కు పెట్టిన క్యాలెండర్‌ను వేదిక మీద వేలాడదీశారు. నయమై ఏడాదైనా అవ్వ తన వేరు గ్లాసును కొంగులో మూటగట్టి తెచ్చుకుంది. చాయ్‌కి దాన్నే చాపితే, నర్సు శ్రీవాణి ఆ గ్లాసుతో తాను తాగి, తన కప్పు అవ్వ చేతిలో పెట్టింది.

“ఓ పిల్లా, నా రోగం నీకంటుతదే!” అన్నది అవ్వ.

“ఎప్పుడో పోయిన రోగాన్ని గ్లాసుల దాచిపెట్టినవా అవ్వా?”

అందరికన్నా ముందు అవ్వే నవ్వింది.

పాపకు తొమ్మిదో నెల టీకా వేయించావా? మామిడి ఒరుగులు ఎండాయి, ఎన్ని పంపాలో రాయి.

రోగం అంటుతుందని పుట్టినప్పటి నుంచి పాపను ముట్టని అవ్వ, ఈ పొద్దున ఆ గ్లాసును బియ్యం డబ్బాలో కొలతకు వేసి, “పిల్లను తీస్కరమ్మని రాయి, ఎత్తుకుంట” అన్నది. రాశాను. ఇక రావడం మీ వంతు.

ముగ్గురూ చల్లగా ఉండండి.

అమ్మ