తాత ఇత్తడి బిళ్ళ

కోలారు, సోమవారం

తాతకు నేత్రావతి నమస్కారం.

ఫోనులో నా మాట నీకు వినపడదు, అందుకే ఉత్తరం. నీ భుజం ఆపరేషన్ వచ్చే వారం శుక్రవారం. మత్తు విభాగంలో నేనింకా విద్యార్థినినే, సూది వేసేది మేడమ్. స్కానింగ్ తెరమీద నరాన్ని చూస్తూ వేస్తారు. మెడ దగ్గర వేస్తే భుజమంతా మొద్దుబారుతుంది కానీ, కొన్ని గంటలు ఊపిరి తగ్గొచ్చు. భుజం వెనక రెండు సూదులు వేస్తే ఊపిరికి ఇబ్బంది తక్కువ, నొప్పి కొంచెం మిగలొచ్చు. గని దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు నీవి. రెండోదే మేలంటున్నారు మేడమ్.

నీ నేత్ర

తా.క. నాకే చాలా భయంగా ఉంది. ఈ ఒక్క ముక్క పక్కింటి రత్నక్క చదివి వినిపించకూడదు.

ఊరిగాం, గురువారం

అమ్మా నేత్రా,

రత్న అంతా చదివింది, చదవద్దన్నదీ చదివింది. మెడసూది వద్దు. గాలి వచ్చే దారి పక్కన మందు పెట్టి పేల్చేవాడు మా గనిలో కూడా లేడు. ఇంగ గనిలో నాకిచ్చిన ఇత్తడి బిళ్ళ పంపిస్తా ఉండాను. ఆపరేషన్ దినం నీ దగ్గర పెట్టుకో.

తాత ఓబలప్ప

తా.క. రాసేది రత్న. ఊపిరి తగ్గుతుందని విన్నప్పట్నుంచి మీ అవ్వ ఆయన ముక్కు కింద వేలు పెట్టి చూస్తా ఉండాది.

కోలారు, శనివారం

తాతా,

ఎవరినీ ముట్టనివ్వని బిళ్ళ నాకెందుకు పంపావు? పోతామనుకునేవాళ్ళే వస్తువులు పంచుతారు. రెండు పద్ధతుల గురించీ మళ్ళీ చదివాను. నీ ఎక్స్‌రే మేడమ్‌కు మళ్ళీ చూపించాను. ధైర్యంగా రా.

భయంతో, నేత్ర

తా.క. ఇంకెవరికైనా ఇంకేమైనా ఇచ్చుంటే వెనక్కి తీసుకో.

ఊరిగాం, మంగళవారం

అమ్మా,

పోయే మాట నేను అనలేదు, నువ్వన్నావు. చదివినదానివి, ఏదో తెలిసే రాసినావు. నాకిప్పుడు నిజంగానే భయంగా ఉండాది.

తాత

తా.క. వీధంతా వచ్చి చూసిపోతా ఉండారు. ఎదురింటి కేశవ తెచ్చిన అరటిపండ్లు తాత అన్నీ తినేసినాడు, కాబట్టి భయపడొద్దు.

ఊరిగాం, ఆపరేషన్ తర్వాతి బుధవారం

అమ్మా నేత్రా,

సూదులు రెండూ వెనకే పడినాయి, ఊపిరి ఏమీ తగ్గలేదు. భుజం ముందుపక్క నొప్పి ఉండాది, నువ్వు చెప్పినట్టే. నువ్వు వణికిపోతా ఉంటే నా మంచి చేత్తో నిన్ను పట్టుకోవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి మూడు దినాలైనా మీ అవ్వ నాకు సంగటి పెట్టలేదు. గనిలోకి దిగేముందు బిళ్ళ పైన ఆఫీసులో ఇచ్చి దిగేది, పైకి వచ్చి తీసుకునేది. బిళ్ళ వాళ్ళ దగ్గరే ఉంటే మనిషి ఇంకా లోపలే. అది తెచ్చి ఇంటి మేకుకు తగిలిస్తేనే మీ అవ్వ పొయ్యి ముట్టించేది. అందుకే నేను నీకిచ్చింది, పోయేదానికి కాదు, నువ్వు తిరిగిస్తావని. నువ్వు జేబులో పెట్టుకుని మరిచినావు.

ఇంకా లోపలే ఉన్న మీ తాత

తా.క. మూడు దినాలుగా తాత సంగటి తినేది ఈ రత్న ఇంట్లోనే. మీ అవ్వ పొద్దస్తమానం ఖాళీ మేకునే చూస్తా ఉండాది. ఆదివారం వచ్చి ఆయన్ని పైకి తీసుకురా.